స్టేషను వెనక గోడ

ఆ పోలీసు స్టేషను వెనక గోడలో మొదట ఒక తలుపు ఉండాలి. పై ఆఫీసు నుంచి వచ్చిన ప్లానులో ఉంది. దాన్ని ట్రేసింగు కాగితం మీద నా చేత్తో మళ్లీ గీసి, బ్లూప్రింటు తీయించి, పని మొదలుపెట్టించాను. గోడలు లింటెలు ఎత్తుకు వచ్చాక కొత్త సబ్ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, అడవి వైపు తలుపేమిటి, పూడ్చేయమన్నాడు. పూడ్చాం. నా సర్వీసులో ఎన్నో బడులు, హాస్టళ్లు, కల్వర్టులు కట్టించాను. ఎవరైనా నా ఉద్యోగం గురించి అడిగితే మాత్రం ముందు గుర్తొచ్చేది మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తున్న ఆ పూడికే.

మా నాయిన బొగ్గుబాయిలో పనిచేశాడు. బాయిలో పైకప్పు కూలి ఆయన తోటివాళ్లు ఇద్దరు పోయిన రోజు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, నువ్వు భూమి మీద పని చూసుకో అన్నాడు. డిప్లొమా చదివి, డెబ్భైల నడుమ, సర్కారు భవనాలు కట్టించే శాఖలో సూపర్‌వైజరుగా చేరాను. భద్రాచలం దాటి అడవిలోకి పోయే దారిలో ఒక ఊళ్లో వేశారు. సెక్షన్ ఆఫీసు గోదావరి ఒడ్డున పాత బంగళాలో ఉండేది. నూరేళ్ల కింద నది మీద పడవలు నడిపించాలని వచ్చిన తెల్ల ఇంజినీర్లలో ఒకతను, ఐర్లాండు వాడట, కట్టించిన బంగళా అది. రెండడుగుల మందం గోడలు, చుట్టూ వరండా, ఎంత ఎండలోనూ లోపల చల్లగా ఉండేది. మా శాఖలో పాతవాళ్లు అతని పనితనం గురించి గురువు గురించి చెప్పినట్టు చెప్పేవారు. రాళ్లు మోయనన్న కోయవాళ్లను చెట్టుకు కట్టి కొట్టించేవాడని, చివరికి మన్నెం జ్వరంతో ఇక్కడే పోయాడని కూడా చెప్పేవారు. అన్నీ ఒకే గొంతుతో చెప్పేవారు. నేనూ అలాగే విన్నాను.

నాతో పనిచేసిన మేస్త్రిది ముదిగొండ వైపు. నాకంటే పదేళ్లు పెద్ద. గోడ కాస్త పక్కకు ఒరిగితే కంటితోనే పట్టేవాడు. రసమట్టం పెట్టేది నా కోసమే. మేమిద్దరం కలిసి చేసిన మొదటి పని ఒక ఆశ్రమ పాఠశాల. బంగళాను చూసి బడికి అలాంటి వరండాయే గీశాను. ప్లానులో లేనిది ఎట్లా కడతావని పై ఇంజినీరు కోప్పడితే, మేస్త్రి పక్క ఊళ్లో కూల్చిన గోదాం దూలాలు తెప్పించి వరండా నిలబెట్టాడు. వాన రోజుల్లో పిల్లలంతా అక్కడే పడుకునేవాళ్లు. ఆ తర్వాత పదేళ్లు, నాకు ఏ పని వచ్చినా కాంట్రాక్టరు ఎవరైనా సరే, మేస్త్రి మాత్రం అతనే కావాలని పట్టుబట్టేవాణ్ణి.

ఎనభైలు వచ్చేసరికి అడవిలో దళాలు తిరగడం ఎక్కువైంది. మా ఊళ్లో స్టేషను మంజూరైంది. గూడెం జనం ఆ పనికి రామన్నారు. పోలీసులు బెటాలియన్ నుంచి జవాన్లను తెచ్చి, ఇళ్ల నుంచి మనుషులను తోలుకొచ్చారు. వాగు నుంచి ఇసుక మోయాలి. ఒక పడుచు వాడు తట్ట కింద పెట్టి మోయనన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు అతన్ని ఇసుక కుప్ప మీద బోర్లా పడేసి, ఒకడు మెడ మీద మోకాలు పెట్టి, ఒకడు అరికాళ్ల మీద లాఠీతో కొట్టారు. అతను మొదట అరిచాడు. తర్వాత నోట్లోకి ఇసుక పోయి అరుపు ఆగిపోయింది. నేను బ్లూప్రింటు చంకలో పెట్టుకుని నిలబడ్డాను. మేస్త్రి పరంజా దిగి వచ్చి, "సార్, మీరొక మాట చెప్పుండ్రి, మీ మాట ఇంటరు," అన్నాడు. నేను చెప్పలేదు. ఆ సాయంత్రం ఆ పడుచువాడు కుంటుతూ ఇసుక మోశాడు. అప్పటి నుంచి ఇసుక ఆగకుండా వచ్చింది.

పది రోజులకు దళం వచ్చింది. మధ్యాహ్నం బువ్వలు తినే వేళ. కాపలా జవాన్లు ఆ రోజు భద్రాచలం పోయారని వాళ్లకు ముందే తెలుసు. కాంట్రాక్టరును తునికి చెట్టుకు కట్టి వెదురు బద్దలతో కొట్టారు. భుజం ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. సెంట్రింగు చెక్కలన్నీ కుప్ప పోసి నిప్పు పెట్టారు. మేము కూలీ నాలీ చేసుకునే వాళ్లం, గోడ మీద కోపమెందుకని మేస్త్రి అన్నాడు. ఒకతను తుపాకీ మడమతో అతని నోటి మీద కొట్టాడు. ముందు పళ్లు రెండు ఊడి అన్నంలో పడ్డాయి. వాళ్లలో పెద్ద నా దగ్గరికి వచ్చి, సర్కారు జీతగాడివని ఈసారికి వదిలేస్తున్నామని చెప్పి వెళ్లిపోయాడు. నన్ను ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకో ఆ సంగతి మేస్త్రి ముఖం చూసినప్పుడల్లా నన్ను పొడిచేది.

కాంట్రాక్టరు పని వదిలి పోయాడు. ఇంకొకడు వచ్చాడు. జవాన్ల కాపలాలో పని పరుగులు పెట్టింది. ప్రారంభోత్సవానికి నాలుగు రోజులు ఉందనగా తలుపు పూడ్చే పని మిగిలింది. చుట్టూ గోడ పద్నాలుగించుల మందం. మేస్త్రి ఆ సందు ముందు నిలబడి తల అడ్డంగా ఊపాడు.

"సార్, పాత గోడ అంచులకు పళ్లు తీసి కలిపి కట్టాలె. ఊకె ఇటుక పేరిస్తే అది గోడ గాదు. దడి."

"టైం లేదు మేస్త్రీ. నాలుగించుల గోడ పెట్టి ప్లాస్టర్ కొట్టు. ఎవరు చూస్తరు?"

"మీరు చెప్పిండ్రని కడ్త సార్. మంచిది గాదు."

కట్టాడు. రెండు పూతల సున్నం వేశాక గోడంతా ఒక్కటిగానే కనిపించింది. మంత్రి వచ్చి రిబ్బను కత్తిరించాడు. నాకు దండ వేశారు. మేస్త్రికి ఒక తువ్వాలు కప్పారు.

మరుసటి వానాకాలానికి ప్లాస్టరు బీటలిచ్చింది. నిలువుగా రెండు గీతలు, పైన అడ్డంగా ఒకటి. ఎవరో పెన్సిలుతో తలుపు గీసినట్టే ఉంది. స్టేషను వెనక నుంచి గొడ్లు తోలుకుపోయే దారి ఉంది. ఆ దారిన పోయే ప్రతివాడికీ అది కనిపిస్తుంది. నేను రెండు సార్లు సిమెంటు రుద్దించి సున్నం వేయించాను. రిపేర్ల రిజిస్టరులో నా చేత్తోనే 'వెనక గోడ బీటలకు మరమ్మతు' అని రాశాను. ఏడాది తిరక్కుండా మళ్లీ తేలేది. పై వాళ్లకు చెబితే గోడ ఎట్లా కట్టావని అడుగుతారు. అందుకే చెప్పలేదు.

లోపలి సంగతి వేరు. ఒకసారి సబ్ ఇన్‌స్పెక్టరు పిలిపించి, వెనక గదిలో స్లాబుకు గట్టి ఇనుప కొక్కెం కావాలన్నాడు. ఫ్యాను కోసమా అని అడిగాను. నవ్వి, అట్లనే రాసుకో అన్నాడు. ఫ్యాను కొక్కెం అనే రాశాను. స్లాబులో ఉన్న కడ్డీకి చుట్టి, మనిషి బరువు ఆగేట్టు పెట్టించాను. ఆ గదిలోకి కరెంటు తీగే లేదు. తర్వాత నెలల్లో పట్టపగలు అక్కడి నుంచి అరుపులు వినపడేవి. మా ఇల్లు అక్కడికి ఒక కేక దూరం. మా ఆవిడ వంట చేస్తూ రేడియో పెద్దగా పెట్టేది. చివరికి ఒక రోజు, నేనీడ ఉండనని చెప్పి, పాపను తీసుకుని ఖమ్మంలో వాళ్ల అన్న దగ్గరికి పోయింది. నేను బంగళాలోకి మారాను.

అంగడి రోజున స్టేషను పేలిపోయింది.

ఆ మధ్యాహ్నం నేను బూర్గంపాడు నుంచి బస్సులో వస్తున్నాను. ఊరి బయట బస్సు ఆగిపోయింది. జనం ఎదురుగా పరుగెత్తి వస్తున్నారు. ఒక ముసలామె చేతిలో కోడి ఉంది. ఆమె చీరంతా సున్నం దుమ్ము. నేను చేరేసరికి స్టేషను వెనక సగం లేదు. స్లాబు ఒక పక్క నేల మీదికి వాలి, రెండో పక్క ముందు గోడ మీద ఆగి ఉంది. వెనక గోడకు సరిగ్గా తలుపు పూడ్చిన చోట దళం వాళ్లు మందు పెట్టారు. తర్వాత ముందు నుంచి కాల్చారు. వాకిట్లో ఇద్దరు కానిస్టేబుళ్లు పడి ఉన్నారు. ఒకతనికి ముఖం లేదు. చేతి మీద పచ్చబొట్టు చూసి, అశ్వారావుపేట మనిషని పక్కవాడు గుర్తుపట్టాడు. స్లాబు కింద నుంచి ఎవరో తడుతున్నారు, ఇనుము మీద ఇనుముతో.

భద్రాచలం నుంచి బలగాలు రావడానికి రెండు గంటలు పట్టింది. అంతవరకు ఎవరూ దగ్గరికి పోలేదు. మళ్లీ పేలుతుందని భయం. మేస్త్రి ఆ రోజుల్లో పక్కనే గర్ల్స్ హాస్టలు పని చేస్తున్నాడు. గునపాలు, జాకీలు, దుంగలు తీసుకుని నలుగురు మనుషులతో వచ్చాడు. ఏ కడ్డీ ఎటు పోయిందో మా ఇద్దరికీ తెలుసు. నేను చెప్పిన చోట జాకీ పెట్టి, తను పొట్ట మీద పాకుతూ లోపలికి పోయాడు. లోపల ముగ్గురున్నారు. ఇద్దరు అప్పటికే పోయారు. మూడో కానిస్టేబులు తొడ దూలం కింద ఉంది. మేస్త్రి అతని నోట్లో తన తువ్వాలు కుక్కి దూలం లేపించాడు. ఆ మనిషిని చంకల కింద పట్టి ఈడ్చుకొస్తుంటే వెనకే స్లాబు ఇంకో జానెడు దిగింది. బయటికి వచ్చాక మేస్త్రి ఒళ్లంతా ఆ కానిస్టేబులు నెత్తురే. వాగులో కడుక్కుని వచ్చి, బీడీ నన్ను వెలిగించమన్నాడు.

మూడో రోజు నన్ను ప్రయాణికుల బంగళాకు పిలిచారు. పైనుంచి వచ్చిన అధికారి నా బ్లూప్రింటు బల్ల మీద పరుచుకుని కూర్చున్నాడు. మెత్తగా మాట్లాడాడు. టీ ఇప్పించాడు.

"ఇక్కడ తలుపు గీసి ఉంది. స్టేషన్లో తలుపు లేదు."

"తర్వాత పూడ్చినం సార్. ఎస్సై గారు చెప్పిండ్రు."

"శిథిలాల్లో చూశాం. చుట్టూ గోడ ఇంత మందం, అక్కడ నాలుగించులు. ఎవరు పెట్టమన్నారు?"

నేను టీ కప్పు వైపు చూశాను. "నేను స్లాబు పని దగ్గరున్న సార్. అది మేస్త్రి చూసుకున్నడు."

"అంటే ఆ చోటు బలహీనమని తెలిసింది మేస్త్రికే."

బీటల సంగతి చెప్పవచ్చు. గొడ్లు కాసేవాడికి కూడా ఆ తలుపు గీత తెలుసని చెప్పవచ్చు. చెబితే రిజిస్టరు తెమ్మంటాడు, నా సంతకం చూస్తాడు, ఆ గోడ నా తప్పని తేలుతుంది. "అవ్ సార్," అన్నాను. మేస్త్రి పేరు, ఊరు అడిగితే చెప్పాను. బయటికి వచ్చి, ముందు సీటు వదిలి జీపు వెనక ఎక్కాను. డ్రైవరు, ఏంది సార్ ఒంట్లో బాగలేదా అని అడిగాడు.

సాయంత్రానికి మేస్త్రిని హాస్టలు పని దగ్గరే పట్టుకున్నారు. తాపీ చేతిలో ఉండగానే జుట్టు పట్టి ఈడ్చారట. జీపు వెనక బంపరుకు కట్టి కొంత దూరం పరుగెత్తించారని అతని కూలీలు చెప్పారు.

నాలుగు రోజులకు అతని భార్య ముదిగొండ నుంచి వచ్చింది. బంగళా మెట్ల మీద కూర్చుంది. పనిలోకి ఇటుకలందించడానికి వచ్చిన రోజుల నుంచీ నాకు తెలిసిన మనిషి. ఏడవలేదు. పోలీసులు ఆమెను, కూలిన స్టేషను పక్కన వేసుకున్న గుడారాల దాకా రానివ్వలేదట. తన మొగుడు వాళ్ల మనిషినే బతికించాడని చెప్పినా వినలేదట. "సారూ, పదేండ్లు మీతోని చేసిండు. మీరొచ్చి గా మాట చెప్తే ఇడుస్తరు," అంది. పై అధికారులతో మాట్లాడతానన్నాను. ఆమె మెట్ల మీద నుంచి కదలలేదు. లోపలికి రమ్మంటే రాలేదు.

భద్రాచలం పోయి మా ఇంజినీరుకు నిజం చెప్పాను. ఆయన తలుపు వేసి విన్నాడు. ఆ సంగతి కాగితం మీద పెడితే నీ ఉద్యోగం పోతుంది, బహుశా నిన్నూ లోపల వేస్తారు, పెట్టకపోతే వాడిని నాలుగు రోజులకు వాళ్లే వదిలేస్తారు, ఆలోచించుకో అన్నాడు. తిరిగి వచ్చి ఆమెకు, చెప్పాను, చూస్తామన్నారు అని అబద్ధమాడాను. ఆమె దండం పెట్టింది.

మరో అయిదు రోజులు అట్లాగే గడిచాయి. ఒక పొద్దున, అడవిలో ఎదురుకాల్పులు జరిగాయని, ఇద్దరు పోయారని కబురు వచ్చింది. శవాలను ట్రాక్టరు మీద వేసి తెచ్చి బస్సులాగే చోట పెట్టారు. మేస్త్రి భార్య పరుగెత్తింది. ఆమె వెనక నేను. ఒకడు నాకు తెలియని వాడు. రెండో వాడు ఆ ఇసుక మోయనన్న పడుచువాడు. ఛాతీలో మూడు గుండ్లు. వేళ్లకు గోళ్లు లేవు. మణికట్ల చుట్టూ తాడు ఒరిపిడి లోతుగా దిగి ఉంది. కాల్పుల్లో చచ్చినవాడికి చేతుల మీద తాడు గుర్తు ఎందుకుంటుంది. ఆమె ఆ మణికట్లే చూస్తూ నిలబడింది. తర్వాత నా వైపు తిరిగి, "రేపు మావోడా సారూ?" అంది.

నేను ఆఫీసుకు పోయి రిపేర్ల రిజిస్టరు తీసుకుని నడుచుకుంటూ గుడారాల దగ్గరికి వెళ్లాను. జీపు తీసుకుపోవడం కూడా తోచలేదు. అదే అధికారి ముందు రిజిస్టరు తెరిచి పెట్టి, నాలుగించులు పెట్టమన్నది నేనని, వద్దని మేస్త్రే అన్నాడని, ఆ బీట మూడేళ్లుగా ఊరంతా చూసిందని చెప్పాను. ఆయన నా సంతకాలు రెండూ వేలితో తడిమి చూశాడు. లేచి వచ్చి చెంప మీద కొట్టాడు. కళ్లజోడు ఎగిరి పడింది. వంగి తీసుకోబోతే బూటుతో పక్కటెముకల్లో తన్నాడు. అక్కడున్న జవాన్లు కూడా తన్నారు. ఎన్ని తన్నులో తెలియదు. నేను అరవలేదని చెప్పుకోవాలని ఉంటుంది. అరిచాను, దయచేసి కొట్టొద్దన్నాను. నా నలుగురు కానిస్టేబుళ్లు నీ సిమెంటు వల్ల చచ్చారన్నాడు ఆయన. ఆ మాటలో కొంత నిజముంది.

మర్నాడు మేస్త్రిని వదిలారు. ఇద్దరు మోసుకొచ్చి గుడారం బయట దించారు. నా పక్కటెముక ఒకటి విరిగింది, వంగలేను. అతన్ని మా ఆఫీసు జీపులో ఎక్కించింది అతని భార్యే. అరికాళ్లు ఉబ్బి నల్లబడ్డాయి. కుడి చేతి వేళ్లను రోకలితో నలగ్గొట్టారు. గుడ్డలో చుట్టి ఉంది. చీము వాసన. భద్రాచలం దవాఖానాకు పోతున్నాం. దారిలో అతను కళ్లు తెరిచాడు.

"సార్. మీరే నా పేరు చెప్పిండ్రని వాళ్లు అన్నరు. కొట్టినప్పుడల్లా అన్నరు. నేను నమ్మలె."

డ్రైవరు అద్దంలోంచి చూస్తున్నాడు. అతని భార్య తల ఎత్తింది.

"నిజమే మేస్త్రీ," అన్నాను. "నేనే చెప్పిన. గోడ సంగతి గూడ నీ మీదనే పెట్టిన."

అతను కళ్లు మూసుకున్నాడు. గుంతలో జీపు ఎగిరినప్పుడు మూలిగాడు. భార్య అతని చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, డ్రైవరుతో, "అన్నా, ఈ సారును ఈడ దింపు," అంది.

డ్రైవరు నా వైపు చూశాడు. ఆపమన్నాను. అడవి నడుమ, ఊరేదీ లేని చోట దిగాను. జీపు పోయింది. పక్క పట్టుకుని నడుస్తూ, వెనక వచ్చిన వెదురు లారీ ఎక్కి సాయంత్రానికి భద్రాచలం చేరాను. దవాఖానా గేటు దాకా పోయి లోపలికి పోలేదు.

మేస్త్రి కుడి చేతికి మూడు వేళ్లు తీసేశారు. నన్ను సస్పెండ్ చేశారు. ఏడాది దాటాక తిరిగి తీసుకుని అశ్వారావుపేట వైపు వేశారు. ఆ లోపు ఇంకొకరు అదే చోట స్టేషను మళ్లీ కట్టించారు. రాతి గోడలు, వెనక వైపు కిటికీ కూడా లేదు, చుట్టూ ముళ్ల కంచె. ఆ పని చేయడానికి ఊరి మేస్త్రులెవరూ రాలేదని విన్నాను. నాకు మాత్రం ఆ తర్వాత ప్రతి గోడా నేనే నిలబడి కట్టించడం అలవాటైంది. మేస్త్రులు విసుక్కునేవాళ్లు. ఇటుక ఇటుకా తట్టి చూసే పిచ్చి సారని పేరు పెట్టారు. మా ఆవిడకు మొత్తం సంగతి చెప్పడానికి రెండేళ్లు పట్టింది. విని, నాకు తెలుసు, ఎవరో చెప్పారు, నువ్వు చెప్తావేమోనని చూశాను అంది.

తొంభైల నడుమ ఒకసారి ముదిగొండ మీదుగా పోతూ అతని ఊళ్లో ఆగాను. ఇల్లు అడిగితే చూపించారు. అతను పక్కింటివాళ్ల ప్రహరీకి ప్లాస్టరు వేస్తున్నాడు, ఎడమ చేత్తో. సిమెంటు వేసిన చెక్కను మిగిలిన కుడి వేళ్ల మధ్య ఇరికించి, తాపీతో ఎత్తుతున్నాడు. నెమ్మదిగా సాగుతోంది. నన్ను చూశాడు. ముఖం తిప్పుకోలేదు, పలకరించలేదు. పని ఆపకుండా చేసుకుంటున్నాడు. ఆ గోడ ఎదురుగా ఎండలో నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

అతని భార్య చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది. నేను తాగేదాకా ఆగి, చెంబు తీసుకుంది.

"మీరు కనబడ్డరని ఆయన రెండు దినాలు బువ్వ తినడు సారూ," అంది మెల్లగా. "ఇంక రాకుండ్రి."

సరేనమ్మా అన్నాను. రోడ్డు దాకా నడిచి, ఖమ్మం బస్సు ఎక్కాను. మళ్లీ పోలేదు.